జోడు కమ్మలకు రేకు కోయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప జిల్లా ప్రొద్దుటూరు పేరు చెప్పగానే ఎవరికైనా బంగారు అంగళ్ళు గుర్తుకొస్తాయి. ఆ అంగళ్ళకు వెనుక సందుల్లో ఉండే పనిగదుల్లో రంపం పట్టి రేకు కోసేవారి గురించి మాట్లాడుకునేది తక్కువ. వెండి, రాగి, ఇత్తడి రేకులతో నగలు చేయడం ఇంట్లోనే మొదలుపెట్టినవారు కడప నుంచీ, అనంతపురం, కర్నూలు వైపు నుంచీ నన్ను అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తున్నాయి: ఒక ముక్క బాగా వస్తోంది, రెండోది దానితో కలవడం లేదు. అలా వచ్చిన ప్రశ్నలనూ, వాటికి నేను చెప్పే సమాధానాలనూ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

రెండు ముక్కలను విడివిడిగా, ఎంతో జాగ్రత్తగా కోస్తే జోడు కుదరదా?

చేయి తిరిగిన పనివారికి కుదరవచ్చు గానీ, వారు కూడా ఆ దారిన పోరు. గీత గీసేటప్పుడు ఒక తేడా వస్తుంది, గీతకు ఏ పక్కన కోశామన్నదానిలో మరో తేడా వస్తుంది, అంచును ఆకురాయితో సరిచేసేటప్పుడు ఇంకో తేడా వస్తుంది. ఒక్కొక్కటి వెంట్రుకవాసే అయినా ఆ మూడూ ఒకే వైపు కూడితే కంటికి తెలిసిపోతుంది. ఒంటి బిళ్ళలో అరమిల్లీమీటరు తేడా ఎవరూ పట్టుకోలేరు. పోల్చి చూడడానికి పక్కన రెండోది ఉన్నప్పుడు అదే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందువల్ల రెండు రేకులను ఒకదానిపై ఒకటి అతికించి, ఒకే గీత మీద, ఒకే కోతలో కోయాలి. జోడు కుదరడమనేది చేతి నేర్పు కన్నా కోతకు ముందు చేసుకునే ఈ ఏర్పాటు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

రేకులను అతికించడానికి ఏది మంచిది?

చాలామంది ఫెవిక్విక్ వంటి తక్షణం అంటుకునే జిగురు వాడుతున్నారు. నేనూ చిన్న ముక్కలకు అదే వాడుతాను. రెండు రేకుల లోపలి ముఖాలను సన్నని ఎమెరీ కాగితంతో కొద్దిగా గరుకు చేసి, చేతి జిడ్డు పోయేలా కడిగి ఆరబెట్టి, జిగురును నాలుగైదు చుక్కలుగా వేసి, రెంటినీ చదునైన బండ మీద బరువు పెట్టి నొక్కి ఉంచాలి. కోత అయిపోయాక ఎసిటోన్‌లో నానబెడితే విడిపోతాయి, మరిగే నీళ్ళలో కాసేపు ఉంచినా పట్టు సడలుతుంది. తొందరపడి మంట మాత్రం చూపకూడదు, ఎందుకంటే ఆ జిగురు కాలినప్పుడు వచ్చే పొగ కళ్ళనూ గొంతునూ మండిస్తుంది. పైగా రేకుకు మిగిలిన జిగురు మసి తరువాత టంకం పారకుండా అడ్డుపడుతుంది. ఎసిటోన్ ఇట్టే అంటుకునే ద్రవం కాబట్టి దాని గిన్నె ఉన్న గదిలో కుంపటి గానీ టంకానికి వాడే గ్యాస్ టార్చి గానీ వెలిగించకండి.

రెండు వైపులా జిగురుండే టేపు శుభ్రంగా ఉంటుందని కొందరు దానిని ఇష్టపడతారు. శీతాకాలంలో అది బాగానే పనిచేస్తుంది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు టేపు జిగురు మెత్తబడి, రంపం లాగుడుకు పై రేకు మెల్లగా జరుగుతుంది. ఆ జరుగుడు కోస్తున్నప్పుడు తెలియదు, విడదీశాక తెలుస్తుంది. పైగా ఆ జిగురు బ్లేడు పళ్ళలో ఇరుక్కుంటుంది.

అన్నింటికంటే గట్టి పద్ధతి వేరే ఉంది. గీతకు బయట, వృథాగా పోయే భాగంలో, మూడు చోట్ల ఒక మిల్లీమీటరు రంధ్రాలు వేసి, రాగి తీగ ముక్కలను దూర్చి, రెండు వైపులా సుత్తితో తట్టి రివెట్లుగా బిగించాలి. మూలల్లో చిన్న చుక్క టంకం పెట్టినా ఇదే ఫలితం వస్తుంది. అయితే గీత చుట్టూ కోత పూర్తయ్యే చివరి క్షణంలో ముక్కలు రెండూ ఒకేసారి వదులవుతాయి కాబట్టి ఆ చోట వేలితో అదిమి పట్టుకుని నెమ్మదిగా కోయాలి. లక్క గురించి అడిగేవారికి ఒక మాట: నకాషీ (చెక్కడపు) పనికి నగను పట్టి ఉంచడంలో లక్కకు సాటి లేదు, కానీ రెండు రేకుల నడుమ అది పలచగా, సమానంగా పరచుకోదు కాబట్టి ఈ పనికి నేను దానిని వాడను.

మామిడి పిందె కమ్మలు కోశాను. రెండూ అచ్చం ఒకేలా వచ్చాయి, అయినా జోడులా లేవు. ఎందుకు?

ఒకేలా రావడమే అక్కడ తప్పు. గుండ్రని బిళ్ళకు, నక్షత్రానికి, తామరపువ్వుకు కుడిఎడమలు లేవు. మామిడి పిందెకు కొన ఒక పక్కకు వంగి ఉంటుంది. హంసకు, నెమలికి ముఖం ఒక వైపే ఉంటుంది. అటువంటివి చెవులకు పెట్టినప్పుడు రెండు కొనలూ ముఖం వైపో, రెండూ బయటి వైపో తిరిగి ఉండాలి, అంటే ఒకటి రెండోదానికి అద్దంలో నీడలా ఉండాలి.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పనిలోకి వచ్చిన కొత్తలో జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక పెళ్ళివారికి వెండి పిందెలు చేశాను. ఒక ముఖం మీద గరుకు పని ఉన్న రేకును రెండు ముక్కలు చేసి, రెండింటి పని ముఖాలూ పైకే ఉండేలా పేర్చి కోశాను. వాళ్ళ పెద్దామె రెంటినీ అరచేతిలో పెట్టుకుని చూసి, "ఏం నాయనా, ఈ రెండూ ఒకే చెవికా?" అంది. సమాధానం లేక వాటిని వెనక్కి తీసుకుని మళ్ళీ చేసి ఇచ్చాను.

పద్ధతి ఇది. రేకుకు రెండు ముఖాలూ నున్నగా ఉంటే ఎలా పేర్చినా పరవాలేదు, కోశాక ఒకదానిని తిరగేస్తే అది రెండో చెవిది అవుతుంది. ఒక ముఖం మీద అచ్చు పని, సుత్తి పని, గీతల పని ఏదైనా ఉంటే మాత్రం రెండు రేకుల వెనుక ముఖాలను ఒకదానికొకటి ఆనించి, పని ఉన్న ముఖాలు బయటికి ఉండేలా అతికించాలి. జిగురు చుక్క వేయడానికి ముందే రెంటినీ పుస్తకం తెరిచినట్టు విప్పి చూసుకుంటే పొరపాటు అక్కడే బయటపడుతుంది. పని చేసిన ముఖం గీసుకుపోకుండా కింది వైపు ఒక కాగితం అతికించడం కూడా మంచిది.

రేకు మీద అచ్చు పని ఎప్పుడు చేయాలని కూడా అడుగుతుంటారు. కోతకు ముందే చేయాలి. కోసిన ముక్కలను రోలింగ్ మిల్లులో (రేకును రోలర్ల నడుమ నొక్కే యంత్రం) వేస్తే అవి పొడవుకు సాగుతాయి. రెండూ ఒకే కొలతలో సాగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఏ నంబరు బ్లేడు వాడాలి?

రేకు మందంలో బ్లేడు పళ్ళు కనీసం రెండు, వీలైతే మూడు ఆనుతూ ఉండాలన్నది గుర్తు. 2/0 బ్లేడుకు అంగుళానికి సుమారు 56 పళ్ళు, అంటే మిల్లీమీటరుకు రెండుకు కాస్త పైగా ఉంటాయి. 4/0 బ్లేడుకు అంగుళానికి సుమారు 66 ఉంటాయి. 0.8 మి.మీ. రేకును ఒంటిగా కోయాలంటే 4/0 తీసుకోవాలి. అదే రేకును రెండుగా అతికిస్తే మందం 1.6 మి.మీ. అవుతుంది కాబట్టి 2/0 హాయిగా నడుస్తుంది. జంటగా కోయడంలో ఉన్న మరో లాభం ఇదే: పలుచని ఒంటి రేకులో పళ్ళు తట్టుకుని బ్లేడు విరిగే బాధ తగ్గుతుంది. 2/0 అంటే రెండు సున్నాలు, 4/0 అంటే నాలుగు; ఈ సున్నాల లెక్క పెరిగేకొద్దీ బ్లేడు సన్నబడుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి.

అంగట్లో 20 గేజీ అడిగి తెచ్చిన రెండు రేకుల మందం వేరుగా ఉంది. మోసమా?

కాకపోవచ్చు. గేజీ అంటే రేకు మందాన్ని చెప్పే అంకె. బ్రిటిష్ పద్ధతిలో 20 గేజీ అంటే 0.91 మి.మీ., అమెరికా పద్ధతిలో 0.81 మి.మీ. మన అంగళ్ళలో ఎక్కువగా బ్రిటిష్ లెక్క నడుస్తుంది. విదేశీ వీడియోలు చూసి నేర్చుకున్నవారు అమెరికా లెక్కలో ఆలోచిస్తారు. గేజీ మాట వదిలేసి మిల్లీమీటర్లలో అడగండి, వెర్నియర్‌తో (మందం కొలిచే సాధనం) కొలిచి తీసుకోండి. జోడుకు కావలసిన రెండు ముక్కలనూ ఒకే రేకు నుంచి తీయడం ఇంకా మంచిది.

అతికించి కోసినా పై ముక్కకూ కింది ముక్కకూ తేడా వస్తోంది. కారణం ఏమిటి?

రంపం నిటారుగా ఆడడం లేదు. బ్లేడు రేకుకు సరిగ్గా నిలువుగా ఉన్నప్పుడే పై గీత కిందికి దిగుతుంది. 1.6 మి.మీ. జంటలో బ్లేడు 5 డిగ్రీలు వాలితే పైభాగానికీ అడుగు భాగానికీ 0.14 మి.మీ. తేడా వస్తుంది, నాలుగు రేకుల కట్టలో అది 0.28 మి.మీ. అవుతుంది. నేరుగా ఉన్న గీత మీద ఇది అంతగా తెలియదు గానీ, వంపు తిరిగేటప్పుడు మణికట్టు కూడా తిరుగుతుంది కాబట్టి పిందె కొన దగ్గర వాలు ఒక వైపు, బొడ్డు దగ్గర మరో వైపు వచ్చి ఆకారమే మారిపోతుంది.

దీనికి మందు కూర్చునే తీరులో ఉంది. కోతకు ఆధారంగా ఉండే వి ఆకారపు చెక్క మీ ఛాతీ ఎత్తుకు రావాలి. చెక్క కిందికి ఉంటే నడుము వంగుతుంది, నడుముతో పాటు రంపమూ ముందుకు వాలుతుంది. రంపాన్ని ఒకే చోట పైకీ కిందికీ ఆడిస్తూ, వంపు వచ్చినప్పుడు రేకునే ఎడమ చేత్తో తిప్పాలి. మొన కోణాల వద్ద ముందుకు నెట్టకుండా ఉన్నచోటనే నాలుగైదు సార్లు ఆడిస్తూ రేకును తిప్పితే బ్లేడుకు తిరిగే చోటు ఏర్పడుతుంది. చెక్క పక్కన చిన్న మూలమట్టం ఒకటి నిలబెట్టుకుని అప్పుడప్పుడు బ్లేడును దానితో పోల్చి చూసుకోండి. నెల రోజుల తరువాత దాని అవసరం ఉండదు.

బ్లేడ్లు డజన్ల కొద్దీ విరుగుతున్నాయి.

మొదట్లో అందరికీ విరుగుతాయి, అందుకే వాటిని డజన్ల లెక్కన అమ్ముతారు. పళ్ళు బయటికీ, కింద పిడి వైపుకూ వాలి ఉండేలా బిగించాలి. ఫ్రేమును ఛాతీతో చెక్కకు అదిమి, కాస్త వంచి, అప్పుడు రెండో కొన బిగిస్తే బ్లేడుకు బిగువు వస్తుంది. వేలితో మీటితే తంబూర తీగలా ఖంగుమనాలి. కోత కిందికి లాగేటప్పుడే పడుతుంది కాబట్టి ముందుకు తోయవలసిన పని లేదు. తేనెమైనాన్ని బ్లేడు వీపుకు ఒకసారి రాస్తే చాలు; పళ్ళ నిండా పూస్తే రజను (కోతలో రాలే లోహపు పొడి) మైనంతో కలిసి ముద్దవుతుంది. ఫ్రేము పొడవంతా వాడుతూ కోయండి, లేకపోతే నడుమ రెండంగుళాల పళ్ళు మాత్రమే అరిగిపోతాయి.

లోపలి జాలీ పని ముందా, బయటి గీత ముందా?

లోపలిదే ముందు. చుట్టూ రేకు మిగిలి ఉన్నంత వరకే చేతికి పట్టు ఉంటుంది. ప్రతి లోపలి భాగంలోనూ పంచుతో గుర్తు కొట్టి, 0.8 లేదా 1 మి.మీ. రంధ్రం వేసి, బ్లేడును దూర్చి బిగించుకోవాలి.

ఒకేసారి ఎన్ని రేకులు కోయవచ్చు?

కట్ట మందం మొత్తం 2 మి.మీ. దాటకుండా ఉంటే నిశ్చింతగా కోయవచ్చు. హారానికి ఇరవై పిందెలు కావాలంటే ఇరవై రేకులూ పేర్చడానికి ప్రయత్నించకండి. రెండేసి చొప్పున కోయండి, లేదా కింద చెప్పే తీరులో నమూనా చేసుకోండి.

నమూనా ముక్కతో గీసుకుంటూ పోతే సరిపోదా?

సరిపోతుంది, ఒక షరతు మీద. గీసే సూది నమూనా అంచుకు బయట నడుస్తుంది కాబట్టి గీత నమూనా కన్నా కాస్త పెద్దదిగా పడుతుంది. కోసిన ముక్కనే తరువాతి ముక్కకు నమూనాగా వాడితే, దాని నుంచి ఇంకోటి గీస్తే, పదో ముక్కకు వచ్చేసరికి పిందె కాయవుతుంది. అందుకని ఇత్తడితో గానీ ఉక్కుతో గానీ ఒకే నమూనా చేసి, అన్నింటినీ దాని నుంచే గీయండి. గీత లోపలి అంచు కనిపించేలా బయటి పక్కనే కోసి, మిగిలినది ఆకురాయితో తీయండి. నమూనా మీద "ముఖం" అని ఒక వైపు చెక్కి పెట్టుకుంటే కుడిఎడమల గొడవ ఉండదు.

కాగితం అతికించి కోసేవారు రెండు వేర్వేరు జిరాక్సులు వాడకూడదు, కాపీకీ కాపీకీ కొద్దిగా తేడా ఉండవచ్చు. రెండు పక్కలా సమానంగా ఉండవలసిన పువ్వుకైతే బటర్ పేపరును నడుమకు మడిచి సగం బొమ్మ మాత్రమే గీసి, రెండో సగానికి అదే గీతను ఎక్కించడం తేలిక.

కోతకు ముందు రేకును కాల్చి మెత్తబరచాలా?

వద్దు. మిల్లు నుంచి వచ్చిన కాస్త గట్టి రేకే శుభ్రంగా తెగుతుంది. బాగా మెత్తబడిన రేకు రంపంతో పాటు ఊగి వంగుతుంది. వంచడం, గిన్నెగా కొట్టడం వంటి పనులు ఉంటే కోత తరువాత రెండు ముక్కలనూ ఒకేసారి పక్కపక్కన పెట్టి కాల్చండి.

బుట్టకమ్మలకు గుండ్రని బిళ్ళలు ఎంత కొలతలో కోయాలి?

అర్ధగోళం వైశాల్యం లెక్క ప్రకారం, రేకు మందం మారదనుకుంటే, బిళ్ళ వ్యాసం బుట్ట వ్యాసానికి 1.41 రెట్లు ఉండాలి, 20 మి.మీ. బుట్టకు సుమారు 28 మి.మీ. బిళ్ళ. సుత్తి దెబ్బలకు రేకు కొంత సాగుతుంది కాబట్టి ముందు రాగితో ఒకటి కొట్టి చూసుకుని సరిచేసుకోవాలి. నిజానికి గుండ్రని బిళ్ళకు రంపం ఎందుకు? డిస్క్ కట్టర్‌లో (గుండ్రని బిళ్ళలు కొట్టే అచ్చు) పెట్టి ఒక దెబ్బ కొడితే ఎన్ని కావాలన్నా ఒకే కొలతలో వస్తాయి.

కోసిన వెంటనే విడదీయవచ్చా?

ఆగండి. కొత్తవారు ఎక్కువగా జోడును పాడుచేసేది ఇక్కడే. జంట అతికి ఉండగానే అంచులను ఆకురాయితో సరిచేయాలి, అప్పుడు రాసిన ప్రతి రాతా రెంటికీ సమానంగా పడుతుంది. నేరుగా ఉండే అంచులకు మన ఊళ్ళో చవకగా దొరికే మంచి సాధనం ఒకటి ఉంది: పాలిష్ పట్టిన కడప బండ ముక్క. దాని మీద ఎమెరీ కాగితం పరచి, జంటను నిలువుగా పట్టుకుని రుద్దితే అంచు చదునుగా వస్తుంది. కర్నూలు వైపు వారికి బేతంచెర్ల బండ ఉండనే ఉంది. రెండు రేకుల నడుమ సన్నని గీత చుట్టూ సమంగా కనిపించే వరకు రుద్ది, వెనుక ముఖాన గుర్తు పెట్టుకుని, అప్పుడు విడదీయండి.

జోడు కుదిరిందని కంటితో కాక మరేవిధంగానైనా తెలుసుకోవచ్చా?

తూకంతో తెలుసుకోవచ్చు. 20 మి.మీ. చదరపు బిళ్ళను 0.8 మి.మీ. మందపు 925 వెండితో (వెయ్యిలో 925 వంతులు వెండి) చేస్తే సుమారు 3.3 గ్రాములు తూగుతుంది. ఒక దాని అంచు చుట్టూ 0.1 మి.మీ. ఎక్కువ ఉంటే తూకంలో దాదాపు 65 మిల్లీగ్రాముల తేడా వస్తుంది. 10 మిల్లీగ్రాములు చూపే చిన్న త్రాసు దానిని పట్టేస్తుంది. అయితే తూకం సరిపోయినంత మాత్రాన ఆకారం సరిపోయినట్టు కాదు, రెండూ చూడాలి.

బంగారం కోస్తే రజను ఎంత పోతుంది?

అదే చదరపు బిళ్ళను 22 క్యారెట్ల బంగారంలో, 0.26 మి.మీ. మందపు 2/0 బ్లేడుతో కోస్తే, చుట్టూ 80 మి.మీ. కోతకు దాదాపు 0.3 గ్రాములు రజనుగా రాలుతుంది. జతకు 0.6 గ్రాములు! అది పోయినట్టు కాదు, పోగుచేసుకోకపోతేనే పోయినట్టు. ఒడిలో తోలు గానీ, చెక్క కింద సొరుగు గానీ పెట్టుకుని, బంగారం కోసే రోజున వెండి, ఇత్తడి కోయకుండా ఉండాలి. విరిగిన బ్లేడు ఇనుప ముక్కలను అయస్కాంతంతో ఏరివేశాక రజనును మూసలో కరిగించుకోవచ్చు. నేర్చుకునే రోజుల్లో మాత్రం రాగి మీదే కోయండి.

కళ్ళకు, చేతులకు జాగ్రత్తలు?

విరిగిన బ్లేడు ముక్క ఎగిరి కంటిలో పడుతుంది కాబట్టి కళ్ళద్దాలు తప్పవు. ఎడమ చేతి వేళ్ళు కోత దారికి ఎదురుగా ఉండకూడదు.

జతలో ఒక కమ్మ పోయింది. ఉన్నదానిని చూసి రెండోది చేయగలమా?

చేయవచ్చు. చేసిన ప్రతి జోడు నమూనానూ ఒక కవరులో వేసి, రేకు మందం, లోహం, ఒక్కొక్క ముక్క తూకం పైన రాసి పెట్టుకునేవారికి ఇది పూట పని. నమూనా లేకపోతే ఉన్న కమ్మ మీద పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్ది ఆకారం తీసుకోవాలి. వాడిన నగ అంచులు అరిగి, మెరుగు పెట్టినప్పుడల్లా మందం తగ్గి ఉంటుంది కాబట్టి ఆకారాన్నీ మందాన్నీ ఉన్నదాని కొలతకే చేయాలి. ఏళ్ళ క్రితం కొత్తగా ఉన్నప్పటి కొలతకు చేస్తే రెండూ పక్కపక్కన నిలవవు. ఇక పిందె, హంస వంటివైతే ఆ కాగితాన్ని తిరగేసి రేకుకు అతికించండి, పోయింది రెండో చెవిది కదా.